జమ్మి చెట్టు కింద చెప్పిన పేరు

పోయిన దసరా సెలవుల్లో మేము నలుగురం కలిసి ఒక ఆట రాశాం. కేరమ్స్ లాగా బోర్డు మీద ఆడేది కాదు, తలా ఒక పాత్ర వేసుకుని మాటలతో ఆడేది. దీన్ని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు ఒకరు వీరుడు, ఒకరు వైద్యురాలు, ఇలా ఉంటారు. "ముందు నది ఉంది, ఇప్పుడేం చేస్తారు?" అని కథ చెప్పేవాడు అడుగుతాడు. వీళ్ళు చెప్పిన పని కుదిరిందో లేదో పాచిక వేసి తేలుస్తారు. వీళ్ళతో పాటు ప్రయాణం చేసే తోడు పాత్రలు కొన్ని ఉంటాయి. వాటి తరఫున కథ చెప్పేవాడే మాట్లాడతాడు.

మా ఆటలో తోడు పాత్ర ఒక పడవవాడు. చిలికా సరస్సు మీద పడవ నడుపుతాడు. నిజానికి అతను రాజ్యం నుంచి పారిపోయి వచ్చిన రాజకుమారుడు. ఈ రహస్యం మాకు చాలా గొప్పగా అనిపించింది. అందుకే మొదటి రాత్రే చలిమంట దగ్గర కూర్చోబెట్టి నోట్‌బుక్‌లో అరపేజీ పొడుగున అతని చేత అంతా చెప్పించేశాం. అంతా విన్నాక మా స్నేహితుడు ఒకడు, "అయితే ఏంటి?" అన్నాడు. మాలో ఎవరికీ జవాబు దొరకలేదు. ఆట అక్కడే ఆగిపోయింది.

బడి తెరిచాక తెలుగు మాస్టారికి ఈ సంగతి చెబితే ఆయన నవ్వి, "ఇది కొత్త సమస్య కాదురా. విరాటపర్వం చదవండి, బృహన్నల తన పేరు ఎప్పుడు చెప్పాడో చూడండి" అన్నారు. ఆ మాట పట్టుకుని వెతికితే మన తెలుగు కథల్లోనూ మన గంజాం పాటల్లోనూ ఈ విద్య ఎంత పాతదో తెలిసింది. తోడు ఉన్నవాళ్ళ రహస్యం సహజంగా ఎలా బయటపడుతుంది అన్నదే ఈ వ్యాసం.

ఉత్తరుడు, బృహన్నల

మహాభారతంలో విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు తెలుగు చేసిన కవి తిక్కన. ఆయన 13వ శతాబ్దంలో నెల్లూరులో ఉండేవాడు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే ఆచారం తెలుగు ఊళ్ళలో ఉంది. కాబట్టి ఈ కథ చదువుకోనివాళ్ళకు కూడా తెలుసు.

పాండవులు 12 ఏళ్ళు అడవిలో ఉన్నారు. 13వ ఏడు ఎవరికీ తెలియకుండా గడపాలి. తెలిసిపోతే మళ్ళీ 12 ఏళ్ళు అడవికి వెళ్ళాలి. అంటే వాళ్ళ రహస్యానికి ఒక వెల ఉంది, ఆ వెల ఎంతో కథ మొదట్లోనే మనకు తెలుసు. ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వంటవాడు వలలుడిగా, అర్జునుడు ఆట పాట నేర్పే బృహన్నలగా, ద్రౌపది సైరంధ్రిగా విరాటరాజు కొలువులో చేరారు. నకుల సహదేవులు గుర్రాల దగ్గర, ఆవుల దగ్గర పనికి కుదిరారు.

కౌరవులు ఆవుల్ని తోలుకుపోతున్నారని కబురు వస్తుంది. రాజు అప్పటికే ఇంకో వైపు యుద్ధానికి వెళ్ళాడు. ఇంట్లో ఉన్నది రాజకుమారుడు ఉత్తరుడు ఒక్కడే. మంచి సారథి ఉంటే నేనే అందర్నీ ఓడించేవాణ్ణి అని అతను ఆడవాళ్ళ ముందు గొప్పలు చెప్పుకుంటాడు. ఆ సారథి బృహన్నలే. ఇక్కడి నుంచి రహస్యం ఎన్ని మెట్లు దిగి వస్తుందో చూడండి.

మొదటి మెట్టు సగం నిజం. బృహన్నల ఒకప్పుడు అర్జునుడి రథం తోలేదని సైరంధ్రి మాటగా తెలుస్తుంది. ఆ మాట వల్లే ఉత్తరుడు బృహన్నలని సారథిగా తీసుకుంటాడు. రెండో మెట్టు వేషం. కవచం ఇస్తే తొడుక్కోవడం రానట్టు తిరగేసి వేసుకుంటే అంతఃపురం పిల్లలు నవ్వుతారు. కథ తెలిసిన మనకి మాత్రం ఆ నవ్వు వెనక ఎవరున్నారో తెలుసు. మూడో మెట్టు పని. కౌరవ సేనని చూడగానే ఉత్తరుడు రథం దిగి పారిపోతాడు. బృహన్నల వెంటపడి పట్టుకుని, నువ్వు రథం తోలు, నేను యుద్ధం చేస్తాను అంటాడు. అప్పటికీ పేరు చెప్పలేదు.

నాలుగో మెట్టు వస్తువు. ఇద్దరూ జమ్మి చెట్టు దగ్గరికి వస్తారు. చెట్టు ఎక్కి ఆ మూట దించమంటే, అది శవం కదా, నేను ముట్టుకోను అంటాడు ఉత్తరుడు. ఎవరూ దగ్గరికి రాకూడదని పాండవులు ఏడాది కిందట ఆ చెట్టుకి శవాన్ని కట్టి వెళ్ళారు మరి. ధైర్యం చెప్పాక ఎక్కి మూట విప్పితే విల్లులు మెరిసిపోతుంటాయి. ఇది ఎవరిది, అది ఎవరిది అని ఉత్తరుడే అడుగుతాడు. బృహన్నల ఒక్కొక్కటీ చెబుతాడు. అప్పుడు ఉత్తరుడి నోటి నుంచే అసలు ప్రశ్న వస్తుంది. ఆయుధాలు ఇక్కడుంటే ఆ పాండవులు ఎక్కడ?

నేనే అర్జునుణ్ణి అన్న మాట ఇక్కడ వస్తుంది. అయినా ఉత్తరుడు వెంటనే నమ్మడు. అర్జునుడికి 10 పేర్లున్నాయట, అవి చెప్పు, ఎందుకొచ్చాయో కూడా చెప్పు అంటాడు. అర్జునుడు, ఫల్గుణుడు, జిష్ణువు, కిరీటి, శ్వేతవాహనుడు, బీభత్సుడు, విజయుడు, కృష్ణుడు, సవ్యసాచి, ధనంజయుడు అని అర్థాలతో సహా చెప్పాకే ఉత్తరుడి భయం పోతుంది.

మా పడవవాడికీ బృహన్నలకీ తేడా ఇక్కడే నాకు అర్థమైంది. మావాడు ఎవరూ అడక్కుండానే చెప్పాడు. బృహన్నల మాత్రం వినేవాడికి అది తెలియకపోతే పని జరగని చోట, అతను అడిగాక, వస్తువు చేతిలో ఉండగా చెప్పాడు. పైగా చెప్పిన మరు నిమిషం నుంచి ఇద్దరి సంబంధం తారుమారైంది. రాకుమారుడు సారథి అయ్యాడు, సారథి వీరుడయ్యాడు.

కథ అక్కడితో అయిపోలేదు. ఈ సంగతి ఇంకా ఎవరికీ చెప్పొద్దు అని అర్జునుడు అంటాడు. అంటే ఇప్పుడు ఆ బరువు ఉత్తరుడి మీద కూడా పడింది. నా కొడుకు గెలిచాడని విరాటరాజు పొంగిపోతుంటే, బృహన్నల సారథిగా ఉంటే గెలవక ఏమవుతుంది అంటాడు కంకుభట్టు. రాజుకి కోపం వచ్చి పాచికలు విసిరి కొడితే ధర్మరాజు ముఖం మీద రక్తం కారుతుంది. ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియని రహస్యం కథని ఎలా నడిపిస్తుందో ఇంతకంటే బాగా చూపించడం కష్టం.

మాధవి అడిగే ప్రశ్నలు

యుద్ధం లేని చోట కూడా రహస్యం ఉంటుంది. కృష్ణా జిల్లా కూచిపూడిలో పుట్టిన భామాకలాపం దానికి ఉదాహరణ. దాన్ని రాసింది సిద్ధేంద్ర యోగి అంటారు. ఇందులో సత్యభామ తెర వెనక నుంచి తన జడని తెర మీదికి వేస్తుంది. మనిషి కంటే ముందు గర్వం కనిపిస్తుంది అన్నమాట. ఆమె చెలికత్తె మాధవి.

సత్యభామ బాధలో ఉంది. మాధవి ఏమైందమ్మా అని అడుగుతుంది. నీ భర్త ఎవరు అని కూడా అడుగుతుంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు భర్త పేరు పలకకూడదు. మన నాయనమ్మలు ఇప్పటికీ పలకరు కదా! అందుకని సత్యభామ పేరు చెప్పకుండా గుర్తులు చెబుతుంది, సైగలు చేస్తుంది. మాధవి అర్థమైనా కానట్టు ఆటపట్టిస్తుంది. సిగ్గుపడి, విసుక్కుని, చివరికి సత్యభామ పేరు బయటపెడుతుంది. ఆ తరవాత గానీ అసలు గొడవ బయటికి రాదు. అద్దం ముందు ఇద్దరిలో ఎవరు అందంగా ఉన్నారు అన్న మాట దగ్గర మొదలైన అలక అది.

ఇక్కడ చూడాల్సింది ఏంటంటే, మాధవి మన ఆటలో ఆడేవాడి లాంటిది. సత్యభామ తోడు పాత్ర లాంటిది. నీ రహస్యం ఏంటి అని మాధవి ఎక్కడా సూటిగా అడగదు. చిన్న ప్రశ్న అడుగుతుంది, దానికి జవాబు చెప్పడంలో సత్యభామ పడే ఇబ్బందిలోనే సగం రహస్యం తెలిసిపోతుంది. మొహమాటం కూడా ఒక జవాబే.

మన పక్క ఊరి కవి

ఇప్పుడు మన పొలసర దగ్గరికే వద్దాం. ఆస్కా వైపు వెళ్తుంటే కవిసూర్యనగర్ వస్తుంది. పాత పేరు బొయిరాణి. కవిసూర్య బలదేవ రథ్ పేరు మీద ఆ ఊరికి ఈ పేరు వచ్చింది. ఆయన 1789లో పుట్టి 1845లో చనిపోయారు. ఆయన ఒడియాలో రాసిన కిశోరచంద్రానన చంపూ ఒడిస్సీ సంగీతం నేర్చుకునే ప్రతివాళ్ళకీ తెలుసు. మా వీధిలో ఒడియా వాళ్ళింట్లో సాయంత్రాలు వినిపిస్తూ ఉంటుంది.

అందులో 34 పాటలు. మొదటి పాట క అక్షరంతో, రెండోది ఖ తో, ఇలా క్ష దాకా వరసగా వెళ్తాయి. మనం తెలుగులో దిద్దిన వరసే! రాధ, కృష్ణుడు, సఖి లలిత ఇందులో ముఖ్యమైన పాత్రలు. రాధ మనసులో మాట నేరుగా కృష్ణుడికి చేరదు. మధ్యలో లలిత ఉంది. ఆమె వింటుంది, మందలిస్తుంది, వేళాకోళం చేస్తుంది, కబురు మోస్తుంది.

ఈ అక్షరాల వరస కవి పెట్టుకున్న కట్టుబాటు. నాకు మాత్రం అది రహస్యం చెప్పే పద్ధతి లాగా కూడా కనిపించింది. క దగ్గర చెప్పగలిగింది క దగ్గరే చెప్పాలి, క్ష దగ్గర చెప్పాల్సింది క దగ్గర చెప్పడం కుదరదు. మేము మా ఆటలో క్ష ని తెచ్చి క దగ్గర పెట్టేశాం. అందుకే "అయితే ఏంటి?" అన్న మాట పడింది.

మధురవాణి

దేవుళ్ళు, రాజులు లేని కథ కూడా ఒకటి చెప్పాలి. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. ఇప్పుడు మనం చదివే పెద్ద రూపం 1909లో వచ్చింది. డబ్బు తీసుకుని చిన్నపిల్లల్ని ముసలివాళ్ళకి పెళ్ళి చేసే ఆచారం మీద రాసిన నాటకం ఇది.

ఒక చిన్నపిల్లని కాపాడడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ముసలి లుబ్ధావధాన్లుకి పెళ్ళి చేస్తాడు. తరవాత ఆ "పెళ్ళికూతురు" మాయమవుతుంది. చంపేశాడని లుబ్ధావధాన్లు మీద కేసు పడుతుంది. అసలు సంగతి మధురవాణికి తెలుసు. ఆమె చెప్పకపోతే తప్పు చేయనివాడు చిక్కుల్లో పడతాడు. చెప్పాలంటే సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్ళాలి. ఆయనకి వేశ్యలంటే పడదు. అందుకని ఆమె మగవేషంలో వెళ్తుంది. తను ఎవరో తెలిస్తే ఆయన ముఖం తిప్పుకుంటాడని తెలిసి కూడా చివరికి చెబుతుంది.

చెప్పేవాళ్ళు ఏదో పోగొట్టుకుంటేనే రహస్యానికి విలువ. మధురవాణి పోగొట్టుకోవడానికి సిద్ధపడింది ఆయన ఇచ్చే మర్యాద. మా పడవవాడు చెప్పడం వల్ల ఏం పోగొట్టుకున్నాడు? ఏమీ లేదు.

కంప్యూటర్ ఆటల్లో

రోల్ ప్లేయింగ్ గేమ్ అచ్చు రూపంలో మొదట వచ్చింది 1974లో, అమెరికాలో. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. తరవాత ఇలాంటి ఆటలు కంప్యూటర్‌లోకి వచ్చాయి. కంప్యూటర్‌లో మనిషి ఎదురుగా లేడు కాబట్టి తోడు పాత్ర ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో రచయితలు ముందే రాసి పెట్టాలి. అక్కడ వాళ్ళకీ మా సమస్యే వచ్చింది.

1999లో వచ్చిన ప్లేన్‌స్కేప్ టార్మెంట్ అనే ఆటలో హీరోకి తన గతం గుర్తుండదు. అతని వెంట డాకాన్ అనే ముసలి యోధుడు ఉంటాడు. డాకాన్ దగ్గర తన జాతి బోధలు దాచిన రాతి చక్రం ఉంటుంది. అది నేర్పమని హీరో అడిగితే ఒక్కొక్క పొర విప్పి కథ చెబుతాడు. పాఠం సరిగ్గా అర్థమైతేనే తరవాతి పొర. అలా నేర్చుకుంటూ వెళ్తే ఈ గురువుకే తన నమ్మకం మీద అనుమానం ఉందని, ఒకప్పుడు ఇచ్చిన మాట వల్ల అతను హీరోకి కట్టుబడి ఉన్నాడని తెలుస్తుంది. పాఠం మధ్యలోంచి మనిషి బయటపడతాడు.

2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 పెద్దవాళ్ళు ఆడే ఆట. అందులో ఒక తోడు పాత్ర రక్తం తాగే జాతివాడు. అది అతను మొదట చెప్పడు. దారిలో ఒంట్లో రక్తం లేని అడవిపంది శవం కనిపిస్తుంది. దాని గురించి మాట్లాడితే అతను తడబడతాడు. తరవాత ఒక రాత్రి అసలు సంగతి తెలుస్తుంది. బృహన్నల కవచం తిరగేసి తొడుక్కున్నట్టే, ఇక్కడ కూడా ముందు గుర్తు, వెనక మాట. ఈ రెండు కథల మధ్య 700 ఏళ్ళ పైనే ఉన్నాయి.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది. మాట కంటే ముందు గుర్తు కనిపించాలి. దాచడానికి ఒక కారణం ఉండాలి, చెప్పడానికి అంతకంటే పెద్ద కారణం రావాలి. వినేవాడు అడగాలి, లేదా వాడికి అవసరం పడాలి. చెప్పాక ఏదో ఒకటి మారాలి. వీటన్నిటికీ కింద ఉన్నది నమ్మకం. ఉత్తరుడు చెట్టెక్కకపోతే విల్లులు కనిపించేవి కావు. శవమనుకున్న మూటని బృహన్నల మాట మీద ముట్టుకున్నాడు కాబట్టే పేరు వినే అర్హత వచ్చింది.

మన సంగతి

ఇది ఆటలకి మాత్రమే సంబంధించింది అనుకున్నాను. కాదని తరవాత తెలిసింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయింది. అంతకు ముందు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గీత మారినా మనుషులు ఇళ్ళు మారలేదు. అందుకే పొలసర నుంచి బరంపురం దాకా ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. నేనూ అంతే. మైదానంలో ఆడుకునే ఒడియా స్నేహితుడికి నేను తెలుగువాణ్ణని రెండేళ్ళు చెప్పలేదు. ఎవరూ చెప్పొద్దనలేదు. నాకే ఎందుకో మొహమాటం.

ఒకరోజు అతను సైకిల్ మీంచి పడి మోకాలు చీరుకుపోయింది. మా ఇల్లు దగ్గరని తీసుకొచ్చాను. కంగారులో "అమ్మా, తొందరగా నీళ్ళు తే!" అని తెలుగులో అరిచాను. అమ్మ నీళ్ళు, పసుపు తెచ్చి కట్టు కట్టింది. అతను నా వైపు చూసి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అని ఒడియాలో అడిగాడు. నాకు జవాబు రాలేదు. కాసేపాగి, నీళ్ళని ఏమంటారు అని అడిగాడు. చెప్పాను. ఇప్పుడు మా ఇంటికొస్తే అమ్మని నీళ్ళు తెలుగులోనే అడుగుతాడు. నేను ఎన్నిసార్లు మనసులో అనుకున్నా చెప్పలేనిది, అతనికి దెబ్బ తగిలిన రోజు దానంతట అదే నోటి నుంచి వచ్చేసింది.

సంక్రాంతికి మా ఆట మళ్ళీ రాశాం. ఇప్పుడు పడవవాడు మొదటి రాత్రి ఏమీ చెప్పడు. చలిమంట దగ్గర అన్నం వండి పెడతాడు, అంతే. చిలికాలో అన్ని ఒడ్డులకీ పడవ కడతాడు గానీ ఉత్తరం ఒడ్డుకి మాత్రం కట్టడు. ఎందుకని అడిగితే అక్కడ లోతు లేదంటాడు. రెండోసారి అడిగితే విసుక్కుంటాడు. మూడో రోజు మాలో ఒకరికి జ్వరం వస్తుంది, మందు ఉత్తరం ఒడ్డునే దొరుకుతుంది. పడవవాడు చాలాసేపు తెడ్డు పట్టుకుని కూర్చుంటాడు. తరవాత పడవ అటు తిప్పుతాడు. ఒడ్డున కాపలావాళ్ళు అతన్ని చూసి ఒక పేరుతో పిలుస్తారు. ఆ పేరు మేము అంతకు ముందు ఎప్పుడూ వినలేదు.

ఈసారి మా స్నేహితుడు "అయితే ఏంటి?" అనలేదు. "ఇప్పుడు వీణ్ణి ఎలా కాపాడదాం?" అని పాచిక చేతిలోకి తీసుకున్నాడు.

పదో తరగతి విద్యార్థి, పొలసర